పాత హామ్ సెట్: వాల్వులు కొనే ముందు

ప్రశ్న: మా నాన్నగారు హామ్ రేడియోకు (అభిరుచిగా చేసే రేడియో సంభాషణలకు) వాడిన యాయెసు ఎఫ్‌టీ-101ఈ ట్రాన్స్‌సీవర్ (ప్రసారం, స్వీకరణ రెండూ చేసే సెట్) ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. కొత్త ఫైనల్ వాల్వులు (ప్రసారానికి చివరి దశలో శక్తినిచ్చే గాజు గొట్టాలు) వేస్తే తప్ప పనిచేయదని ఒకరు అన్నారు. కొనమంటారా? ముందు ఒకసారి కరెంటు ఇచ్చి చూడవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వాల్వులు ఇప్పుడే కొనకండి, సెట్‌ను నేరుగా ప్లగ్గుకు తగిలించకండి. 1970ల నాటి ఈ సెట్‌లో రిసీవర్ అంతా ట్రాన్సిస్టర్లదే. ప్రసారానికి మాత్రం మూడు వాల్వులు ఉంటాయి: డ్రైవర్‌గా (ఫైనల్స్‌కు సంకేతాన్ని అందించేదిగా) ఒక 12బీవై7ఏ, ఫైనల్స్‌గా రెండు 6జేఎస్6సీ. వాటి హీటర్లకు (వాల్వును లోపల వేడిచేసే తీగలకు) విడిగా స్విచ్ ఉంది కాబట్టి, దాన్ని ఆపి ఉంచి ముందు రిసీవర్ సంగతి చూసుకోవచ్చు.

విదేశం నుంచి వచ్చిన సెట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులకు సరిపడే ట్యాప్ (వోల్టేజీని ఎంచుకునే కనెక్షన్) మీద ఉందో లేదో మొదట చూడాలి. ఆ తర్వాత పాత ఫిలమెంట్ బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మొదట అనుమానించాలి. ఫైనల్స్ ప్లేట్లకు (వాల్వులో కరెంటు చేరే లోహపు రేకులకు) సుమారు 600 వోల్టులు అందుతాయి, ప్లగ్గు పీకేసినా ఆ ఛార్జి నిలిచి ఉండవచ్చు; దాన్ని రెసిస్టర్ ద్వారా దించి, మీటరు సున్నా చూపాకే లోపల చేయి పెట్టాలి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇక అసలు సంగతి. డ్రైవర్ ప్లేటుకూ ఫైనల్స్ గ్రిడ్లకూ (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలీలకూ) మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దానికి ఒక పక్క సుమారు 300 వోల్టుల పాజిటివ్, మరో పక్క నెగటివ్ బయాస్ (కరెంటును అదుపులో ఉంచేందుకు గ్రిడ్లకు ఇచ్చే వోల్టేజీ). వయసు మీద పడి అది కాస్త లీకైనా పాజిటివ్ వోల్టేజీ గ్రిడ్లకు చేరి బయాస్ అదుపు తప్పుతుంది, ప్రసారం మొదలుకాగానే, మీరు ఒక్క మాట మాట్లాడకపోయినా, ప్లేట్లు ఎర్రగా కాలిపోతాయి. దాన్ని మార్చకుండా వేసిన కొత్త వాల్వులకూ అదే గతి పడుతుంది. టీవీల కోసం రూపొందిన 6జేఎస్6సీ ఇప్పుడు పాత నిల్వల్లోనే దొరుకుతోంది కాబట్టి ఆ నష్టం చిన్నది కాదు. అదే విలువ గల, 1000 వోల్టులకు మించి తట్టుకునే మైకా కెపాసిటర్ వేయండి. నాన్నగారి వాల్వులే ఇంకా పనికి రావచ్చు.

తర్వాత డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు శక్తిని పీల్చుకునే రెసిస్టర్) తగిలించి, బయాస్‌ను 60 మిల్లీ ఆంపియర్ల ఐడిల్ కరెంటుకు (మాట్లాడనప్పుడు ఫైనల్స్‌లో పారే కరెంటుకు) సరిచేసి, ట్యూనింగ్ మొదలుపెట్టండి. ఒక్కో విడత పది సెకన్లు దాటకూడదు. యాంటెన్నా మీద ప్రసారం చేయడానికి మీ పేరుతో లైసెన్సు ఉండాలి. నాన్నగారి కాల్‌సైన్‌తో (ఆయన లైసెన్సుకు ఇచ్చిన గుర్తింపు పేరుతో) చేయకూడదు.