దమ్ముకు ముందే టైర్లలో నీళ్లు దించేయండి

ప్రశ్న: నాకు 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ఉంది. వెనక టైర్లు 13.6-28 సైజు. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఆరిన చేలో నాగలి వేస్తే చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతున్నాయి, డీజిలు ఖర్చు పెరిగింది. టైర్లలో నీళ్లు పోయించమని మెకానిక్ అంటున్నాడు. ఉప్పు కలిపితే ఇంకా బరువొస్తుందని పక్క చేను రైతు సలహా. మా నాన్నగారు మాత్రం దమ్ములో (నాట్లకు ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు) దిగబడతావు, వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, రాజోలు

జవాబు: దమ్ము విషయంలో మీ నాన్నగారి మాటకు తిరుగులేదు. వేసవి దుక్కికి మెకానిక్ చెప్పింది సరైనది. ఉప్పు సలహా మాత్రం మరిచిపోండి.

ముందుగా, చక్రం నిజంగా ఎంత జారుతోందో చూసుకోండి. వెనక టైరు పక్కన సుద్దతో గీత గీయండి. నాగలి దించి, మీరు రోజూ దున్నే లోతులోనే నడుపుతూ చక్రం 10 చుట్లు తిరిగేసరికి ఎంత దూరం వెళ్లిందో పుల్లలు పాతి గుర్తు పెట్టండి. తర్వాత నాగలి ఎత్తేసి అంతే దూరం నడపండి. ఎనిమిదిన్నర చుట్లకు వెళ్లిపోతే జారుడు 15 శాతం. దుక్కిలో 10 నుంచి 15 వరకు ఉండాల్సిందే, దానికి కంగారు పడనక్కరలేదు. ఏడు చుట్లకే వెళ్లిపోతే 30 శాతం జారుతున్నట్టు, అప్పుడు బరువు కావాలి. అయితే టైరు గళ్లు అరిగిపోయి ఉంటే ఎన్ని నీళ్లు పోసినా పట్టు రాదు. అది కూడా చూసుకోండి.

మీ సైజు టైరులో ముప్పాతిక వంతు నింపితే సుమారు 180 లీటర్లు పడతాయి. లీటరుకు కిలో లెక్కన రెండు టైర్లకూ కలిపి 360 కిలోలు. జాకీ పెట్టి టైరును నేల నుంచి కొంచెం లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా తిప్పి, పిన్ను తీసి పైపు తగిలించాలి. లోపలి గాలి పోయేందుకు మధ్యమధ్యలో పైపు తీస్తూ ఉండాలి. వాల్వు నుంచి నీళ్లు బయటికి రావడం మొదలైతే ముప్పాతిక నిండినట్టు. అక్కడ ఆపి, పిన్ను బిగించి గాలి కొట్టించండి. నిండుగా పోస్తే గాలికి చోటు ఉండదు, గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బంతా టైరు మీద, యాక్సిల్ మీద పడుతుంది. రెండు టైర్లలోనూ సమానంగా ఉండాలి.

చలిదేశాల్లో టైరులో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, దానివల్ల బరువూ పెరుగుతుంది. మన గోదావరి జిల్లాల్లో గడ్డకట్టే చలి ఎక్కడిది? ట్యూబు చిల్లుపడి ఉప్పునీరు కారితే రిమ్ము తుప్పు పడుతుంది. మీది సముద్రానికి దగ్గర ప్రాంతం కనుక బోరు నీళ్లు కూడా నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే వాడొద్దు. రొయ్యల చెరువు నీళ్లు అసలే వద్దు. వేసవిలో కాలువలు కట్టేయకముందే పోయించుకుంటే మంచి నీళ్లు దొరుకుతాయి.

ఇక దమ్ము. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదిలి, చేను తడిసి మెత్తబడ్డాక ఆ బురదకు బరువు మోసే శక్తి ఉండదు. అక్కడ ట్రాక్టరును ముందుకు నడిపేది దమ్ముకు తగిలించే ఇనుప చక్రాల రెక్కలే, బరువు కాదు. ట్రాక్టరును మోసేదీ, నీరు ఇంకకుండా ఆపేదీ అడుగున ఉన్న గట్టి పొర. ఒక సార్వాలో (ఖరీఫ్ వరిలో) నేను వేసవి నీళ్లు దించకుండానే చేలో దిగాను. మూడో సాలులో వెనక యాక్సిల్ దాకా కూరుకుపోయింది. రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే గానీ బయటపడలేదు. ఆ లాగుడులో గట్టి పొర పగిలిపోయింది. తర్వాత మూడేళ్లు అదే చోట దిగబడుతూనే వచ్చింది, ఆ గుంటలో నారు కూడా సరిగా నిలవలేదు. నా చేను నేనే పాడుచేసుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే జూన్‌లో కాలువ పారకముందే వాల్వు కిందికి తిప్పి నీళ్లు దించేయండి. అద్దెకు ఊరూరా దమ్ము చేసేవారైతే నీళ్ల జోలికి పోకుండా బోల్టులతో బిగించే ఇనుప బరువులు కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. ఖరీదు ఎక్కువే, కానీ వద్దనుకున్న పూట విప్పేయవచ్చు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ధాన్యం ట్రక్కుతో (ట్రాక్టరు వెనక తగిలించే ట్రైలరుతో) కాలువ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తుంటే, వెనక టైర్ల నీళ్లు దాన్ని ఆపలేవు. ట్రాక్టరు తిరగబడేది వెనక యాక్సిల్ చుట్టూనే కదా. దానికి ముందు బరువులే కావాలి, ట్రక్కును కింది కొక్కేనికే తగిలించాలి, లోడు తగ్గించాలి. ఇది ప్రాణాలతో పని, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న: నీళ్లు పోసిన టైరులో గాలి ఎలా చూడాలి?
– మరో పాఠకుడు, తణుకు

జవాబు: వాల్వును పైకి తెచ్చి చూడండి. కిందుంటే గేజీలోకి నీళ్లు వెళ్లి పాడవుతుంది, అంకె కూడా తప్పు చూపిస్తుంది. లోపల గాలి తక్కువ కాబట్టి చిన్న కారుడుకే ఒత్తిడి బాగా పడిపోతుంది, వారానికోసారి తప్పక చూడాలి. ఎంత ఉండాలన్నది మీ ట్రాక్టరు పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్నే పాటించండి.