మీరు అడిగినవి: క్లౌన్ చేప పిల్లలు మూడో రోజు దాటాలంటే

ప్రశ్న: సార్ నమస్తే, మాది తిరుపతి కొర్లగుంట. మూడడుగుల మెరైన్ ట్యాంకు ఉంది, అందులో జత ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, నీమో అంటారే అవి, రెండేళ్ళ నుంచి పెంచతా ఉండాను. ఆరు నెలల నుంచి కుండ పెంకు మీద గుడ్లు పెడతా ఉండాయి. మూడు సార్లు పిల్లలొచ్చినాయి, వేరే తొట్లోకి తీసినాను, ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వేసి పిండినాను, షాపాయన ఇచ్చిన పొడి మేత కూడా చల్లినాను, మూడో రోజుకి ఒక్కటి మిగల్లేదు. గప్పీ పిల్లల్ని ఇట్లనే పెంచినా ఏమీ కాలేదే. నా తప్పు యాడ జరగతా ఉంది? మా ఇంట్లో అయితే ఇంక ఆ గుడ్ల జోలికి పోవద్దు, పాపం అంటా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఉప్పునీళ్ళ చేపని గుడ్లు పెట్టే దాకా తెచ్చినావంటే నీళ్ళ పని నీకు బాగా వచ్చినట్టే. తేడా వచ్చింది తిండి దగ్గర. గప్పీ పిల్ల పుట్టేటప్పుడే చిన్న సైజు చేప, పొడి వేస్తే వచ్చి తింటుంది. క్లౌన్ పిల్ల అట్ల కాదు, గుడ్లోంచి వచ్చినప్పుడు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది అంతే, ఒంట్లోంచి అవతలిది కనపడుతుంది, కడుపు కింద కాస్త సొన ఉంటే అది రెండు రోజుల్లో అయిపోతుంది, ఆ తర్వాత దాని కళ్ళ ముందు కదిలేది, దాని నోట్లో పట్టేది ఏదన్నా ఉంటేనే తింటుంది. నువ్వు చల్లిన పొడి ముక్కు ముందరే పడినా అది తిండి అని దానికి తెలీదు. పచ్చసొన ఇంకా చెడ్డది, తినకపోగా నీళ్ళలో కుళ్ళి అమ్మోనియా పెంచుతుంది. ఒక పక్క ఆకలి, ఒక పక్క విషం, ఇంక మూడో రోజు ఎట్ల దాటుతుంది చెప్పు.

దానికి కావాల్సిన తిండి రోటిఫర్. కంటికి దుమ్ము మాదిరి కనపడే జీవి, 100 నుంచి 300 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్లో పదో వంతు నుంచి మూడో వంతు లోపల. ఒకప్పుడు జపాన్లో ఈల్ చేపల చెరువుల్లో దీన్ని చీడ అనుకున్నారు, తర్వాత అదే సముద్రపు చేప పిల్లలకి మొదటి ముద్ద అయింది, ఈరోజు పెద్ద పెద్ద హ్యాచరీలు కూడా దీని మీదనే నడుస్తాయి. మగవాటితో పని లేకుండా ఆడవే పెరుగుతాయి కాబట్టి మేత సరిగా పడితే రోజు రెండు రోజుల్లో రెట్టింపు అయిపోతాయి.

కాబట్టి నేను చెప్పేది ఒకటే, వచ్చే రెండు కాన్పులు వదిలెయ్, గుడ్లు పెట్టనీ, పోనీ, ఆ నెల రోజులూ నువ్వు రోటిఫర్లని పెంచు. నీ జత పది పదిహేను రోజులకి ఒకసారి పెడుతూనే ఉంటుంది, గుడ్లు యాడికీ పోవు. తిండి చేతిలో లేకుండా పిల్లల్ని తియ్యడమే అసలు తప్పు. నేనూ మొదట ఇదే తప్పు చేసినాను, రోటిఫర్ ఎందుకులే అని నేరుగా ఆర్టీమియా (ఉప్పునీళ్ళలో పెరిగే చిన్న రొయ్య లాంటి జీవి) పిల్లలు వేసినాను, అవి 400 మైక్రాన్ల పైనే ఉంటాయి, నోట్లో పట్టలేదు, క్లౌన్ పిల్లలు తిండి మధ్యలోనే ఈదుకుంటా ఆకలికి పోయినాయి. ఆ రాత్రి టార్చి పట్టుకోని చూసింది ఇంకా మర్చిపోలేదు.

పెరుగుకి తోడు ఎట్లనో దీనికీ తోడు కావాలి. నెల్లూరు వైపు హ్యాచరీల్లో తెలిసినవాళ్ళుంటే అడుగు, లేదా చెన్నై కొళత్తూరు చేపల మార్కెట్లో మెరైన్ సరుకు అమ్మేవాళ్ళని అడుగు, సీసాడు దొరికినా చాలు. 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను పైభాగం కోసేసి, లీటరుకి 20 నుంచి 25 గ్రాముల ఉప్పున్న నీళ్ళు పోసి, గాలి పైపు మెల్లగా బుడగలొచ్చేటట్టు పెట్టు, సన్న బుడగలొచ్చే రాయి, ఎయిర్ స్టోన్ అంటారే అది, వద్దు. మేతకి నానోక్లోరాప్సిస్ అనే పచ్చ నాచు నీళ్ళు పొయ్యాలి, క్యానులో నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉండాలి, తెల్లబడినాయంటే అవి ఆకలిగా ఉండాయని. బ్రెడ్డు ఈస్టుతో కూడా పెరుగుతాయి కానీ ఈస్టు తిన్న రోటిఫర్లో చేప పిల్లకి కావాల్సిన కొవ్వు ఆమ్లాలు, డీహెచ్‌ఏ ఈపీఏ అంటారే అవి, ఉండవు, పిల్లలు కడుపు నిండా తింటానే వారానికి పోతాయి. ఈస్టుతో పెంచినా సరే, వేసే ముందు కొన్ని గంటలు పచ్చ నీళ్ళలో ఉంచి వెయ్. అట్లాంటి క్యాన్లు రెండు పెట్టు, ఒకదాంట్లో రోటిఫర్లు చెప్పకుండా ఒక్కసారిగా చచ్చిపోతాయి, అది మాత్రం ఖాయం.

లెక్క ఒకసారి చూడు. మిల్లీలీటరుకి 100 రోటిఫర్లు ఉంటే 20 లీటర్ల క్యానులో 20 లక్షలు, రోజూ నాలుగో వంతు తీసి 50 మైక్రాన్ల గుడ్డలో వడకడితే 5 లక్షలు. పిల్లల తొట్టి 40 లీటర్లు అనుకుంటే మిల్లీలీటరుకి 10 చొప్పున 4 లక్షలు కావాలి. అంటే ఒక్క క్యాను బాగా నడిస్తే నీ తొట్టికి సరిపోతుంది, ఇంట్లో చెయ్యలేని పనేం కాదు.

ఇంక పిల్లలు వచ్చే రోజు. గుడ్లు మొదట నారింజ రంగు, తర్వాత నల్లబడతాయి, చివర్లో లోపల కళ్ళు వెండి మాదిరి మెరుస్తాయి, 27, 28 డిగ్రీల్లో ఏడు ఎనిమిది రోజులు పడుతుంది. కళ్ళు మెరిసినాయంటే ఆ సాయంత్రమే పెంకు తీసి పిల్లల తొట్లో పెట్టు, నీళ్ళు తల్లి ట్యాంకులోవే కావాలి, పెంకు పక్కనే బుడగలు వదులు, తండ్రి చేప రెక్కలతో విసిరే పని ఆ బుడగలు చెయ్యాలి. లైటు ఆర్పిన గంట రెండు గంటల్లో పొదుగుతాయి. వలతో మాత్రం ఎప్పుడూ పట్టొద్దు, తియ్యాల్సి వస్తే మగ్గుతో నీళ్ళతో పాటే తియ్. తొట్టి చుట్టూ నల్ల కాయితం అంటించు, లేకపోతే గాజు మెరుపుకి వచ్చి తల కొట్టుకుంటాయి. ఇసుక వద్దు, ఫిల్టర్ వద్దు, లైటు తక్కువ, నీళ్ళు లేత పచ్చగా ఉంటే ఇంకా మేలు, రోటిఫర్లకీ మేత దొరుకుతుంది, పిల్లలకీ బెదురు తగ్గుతుంది.

రోజూ అడుగున చెత్త సన్న పైపుతో లాగి, పదో వంతు నీళ్ళు చుక్కలు చుక్కలుగా మార్చు. ఆరో రోజు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా కొంచెం కొంచెం కలుపు, రోటిఫర్ ఇంకో మూడు నాలుగు రోజులు ఆపొద్దు. ఆర్టీమియా గుడ్ల పెంకులు తొట్లోకి పోనీయకు, వాటిని పొదిగించిన చోట గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, ఆర్టీమియా పిల్లలు కిందకి, వెలుతురు వైపుకి వస్తాయి, అక్కడ పైపు పెట్టి లాగు. 10 నుంచి 15 రోజుల మధ్యలో తల వెనక తెల్ల పట్టీ వస్తుంది, అడుగుకి చేరతాయి, అప్పుడు కూడా కొన్ని పోతాయి, కంగారు పడొద్దు. మీ ఇంట్లో ఆమెకి చెప్పు, సముద్రంలో అయితే వందల్లో ఏ ఒకటో రెండో మిగుల్తాయి, నువ్వు యాభై నిలబెట్టినా అది పాపం కాదు. పైగా సముద్రంలోంచి పట్టే చేప ఒకటి తగ్గుతుంది. మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు తమిళనాడు మండపం, కేరళ విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల పిల్లల్ని ఉత్పత్తి చేసి చూపించినారు, పద్ధతి కొత్తది కాదు.

ప్రశ్న: సముద్రపు నీళ్ళు కలుపుకునే మెరైన్ సాల్ట్ రేటు చూస్తే భయమేస్తా ఉంది అన్నా, కల్లుప్పు వేస్తే కాదా? తూపిలిపాళెం బీచి నుంచి నీళ్ళు తెచ్చుకోవచ్చా? (చిత్తూరు నుంచి)

జవాబు: కల్లుప్పు వద్దే వద్దు. ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్ళు ఎండినప్పుడు సోడియం క్లోరైడ్ గడ్డ కడుతుంది, మెగ్నీషియం లాంటివి మిగిలిన చేదు నీళ్ళలో ఉండిపోతే ఆ నీళ్ళు వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చేది ఉప్పే గానీ సముద్రం కాదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉంటాయి, చేపకీ గుడ్డుకీ అవన్నీ కావాలి. అయితే ఆర్టీమియా గుడ్లు పొదిగించడానికి మాత్రం కల్లుప్పు సరిపోతుంది, లీటరుకి 25 గ్రాములు, చిటికెడు వంటసోడా, గట్టిగా గాలి, 28 డిగ్రీల్లో ఒక్క రోజు. అక్కడ మిగిలించుకో.

బీచి నీళ్ళు తెచ్చుకోవచ్చు, ఏరు కలిసే చోటికి దూరంగా పట్టు, నవంబరు డిసెంబరు వానల్లో మాత్రం వద్దు, ఉప్పదనం పడిపోతుంది. తెచ్చినాక వడకట్టి చీకట్లో గాలి పెట్టి వారం ఉంచి, నీళ్ళ సాంద్రత (ఉప్పదనం కొలిచే అంకె) 1.024 దగ్గర ఉందో లేదో కొలిచి వాడు. ఆవిరైన నీళ్ళకి బదులు మళ్ళీ ఉప్పునీళ్ళు పోసేవాళ్ళని చూసినాను, నీళ్ళే ఆవిరవుతాయి గానీ ఉప్పు కాదు కదా, ఆర్‌ఓ మంచినీళ్ళే పొయ్యాలి. బోరు నీళ్ళు వద్దు.

ప్రశ్న: మే నెలలో పిల్లల్ని తియ్యొచ్చా సార్? (రేణిగుంట నుంచి)

జవాబు: నేనయితే తియ్యను. మన దగ్గర బయట 40 దాటితే గదిలో తొట్టి 31, 32కి పోతుంది, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, అమ్మోనియా విషం ఎక్కువ. ఒక ఏడు మే నెలలో రాత్రి మూడు గంటలు కరెంటు పోయింది, తొమ్మిదో రోజు పిల్లలు, పొద్దున లేచేసరికి తొట్టి ఖాళీ. అప్పటి నుంచి బ్యాటరీ గాలి పంపు లేకుండా ఏ కాలంలోనూ తియ్యను. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తియ్యొచ్చు, డిసెంబరు రాత్రులకి మాత్రం చిన్న హీటరు పెట్టుకోండి.

ప్రశ్న: రెండు చిన్న నీమోలు తెచ్చినాను, షాపులో ఆడా మగా అన్నారు, ఎట్ల తెలిసేది? (పుత్తూరు నుంచి)

జవాబు: చిన్నప్పుడు ఆడ అనేదే ఉండదమ్మా. అన్నీ మగవిగానే ఎదుగుతాయి, జతలో పెత్తనం చేసేది పెద్దదై ఆడదవుతుంది, అది పోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది. సైజులో కాస్త తేడా ఉన్నవి రెండు కలిపి పెట్టినారంటే ఏడాదిలోపో కాస్త అటూ ఇటూగానో జత కుదురుతుంది. మొదటి గుడ్లు అవే తినేస్తాయి, రెండు మూడు కాన్పుల తర్వాత మానేస్తాయి.

ప్రశ్న: సముద్ర గుర్రాలు కూడా ఇట్లనే ఇంట్లో పెంచొచ్చా? (శ్రీకాళహస్తి నుంచి)

జవాబు: వద్దు నాయనా. 2001లోనే వాటిని వన్యప్రాణుల సంరక్షణ చట్టం కిందకి తెచ్చినారు, ఎవరన్నా అమ్ముతామని వచ్చినా తీసుకోవద్దు. క్లౌన్ చేపతోనే మొదలుపెట్టు, రోటిఫర్ తోడు దొరికినాక మళ్ళీ రాయి, ఏ క్యాను ఎట్ల నడుస్తా ఉందో చూసి చెప్తాను.