బస్తీ పటం ఎలా గీయాలి?

ప్రశ్న: మా బస్తీలో నల్లాలు, బోర్లు, మ్యాన్‌హోళ్లతో పటం గీయాలనుకుంటున్నాం. ఫోన్ యాప్ ఒక్కటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: సరిపోదండీ. ముందు నేలమీద ముగ్గుపిండితో గీయించండి. తప్పయితే చెరిపేయొచ్చు కాబట్టి చదువురానివాళ్లూ చెయ్యి వేస్తారు. గుడి, మసీదు, రేషన్ షాపు పెట్టాక గల్లీలు, ఆ తర్వాతే నల్లాలు. ఆడవాళ్లతో విడిగా ఇంకో పటం తప్పకుండా గీయించండి. ఏ నల్లాకు ప్రెషర్ రాదో, ఎక్కడ మురుగు కలుస్తోందో బిందె పట్టేవాళ్లకే తెలుసు. మగవాళ్ల పటంలో ఇవి తరచూ జారిపోతాయి. ఫోటో తీసి చార్టు మీదికి ఎక్కించండి.

తర్వాత గల్లీగల్లీ నడిచి సరిచూడండి. ఇరుకు సందుల్లో జీపీఎస్ పది మీటర్లు తప్పినా నల్లా పక్క గల్లీలో పడుతుంది. అందుకే దగ్గరి ఇంటి నంబరు, నీళ్లొచ్చే వేళ, తేదీ రాసుకోండి. చార్టు మాత్రం బస్తీలోనే ఉండాలి.