క్విల్ట్ అడుగున ఫ్లానెల్ బెడ్‌షీట్: వేయవచ్చు, కానీ ఉతికి కొలిచాకే

మంచానికి సరిపడే పెద్ద క్విల్ట్ (పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున మరో గుడ్డ కలిపి కుట్టే బొంత) కుడుతున్నానని, అడుగు గుడ్డను గజాల లెక్కన కొంటే ఖర్చు పైభాగానికి అయినదాన్ని కూడా మించిపోతోందని, దానికి బదులు ఫ్లానెల్ బెడ్‌షీట్ వేస్తే మన్నుతుందా అని మీరు అడిగారు. మన్నుతుంది. నేను ఇప్పటికి ఆరు క్విల్టులకు అలాగే వేశాను. వాటిలో అయిదు ఇంకా వాడుకలో ఉన్నాయి. పాడైనది మొట్టమొదటిది, అదీ పూర్తిగా నా తొందరపాటు వల్లనే.

ఆ షీటును ప్యాకెట్ విప్పిన వెంటనే పరిచి, పైన దూది పొర, ఆపైన అతుకుల గుడ్డ వేసి కుట్టేశాను. మొదటిసారి ఉతికి ఆరబెట్టేసరికి అడుగు గుడ్డ పై గుడ్డ కంటే బాగా ఎక్కువగా ముడుచుకుపోయి, కుట్టుకూ కుట్టుకూ మధ్య పైభాగం బుడిపెలుగా లేచింది, నాలుగు అంచులూ వెనక్కి తిరిగాయి. ఫ్లానెల్‌ను వదులుగా నేసి, నూగు లేచేలా ఉపరితలాన్ని గీకుతారు. దారాల మధ్య అంత ఖాళీ ఉంటుంది కనుకనే నీళ్లు, వేడి తగలగానే అవి దగ్గరికి జరుగుతాయి. క్విల్టింగ్‌కు వాడే మామూలు నూలు గుడ్డ సుమారు 3 శాతం కుదించుకుపోతే, ఫ్లానెల్ 5 శాతం, కొన్ని రకాలు అంతకు మించి కుదించుకుపోతాయి. వంద అంగుళాల షీటులో 5 శాతమంటే అయిదు అంగుళాలు. ఏ ఇస్త్రీ దాన్ని సరిచేయలేదు.

అందువల్ల షీటును ముందుగా వేడి నీళ్లలో రెండు సార్లు ఉతకండి. పూర్తయిన క్విల్టును డ్రయ్యర్‌లో ఆరబెట్టబోతున్నట్లయితే షీటును కూడా అందులోనే ఆరబెట్టండి, ఎందుకంటే తరువాత పడబోయే వేడినంతా అది ముందే చూసి ఉండాలి. ఉతికేటప్పుడు అంచు మడతలను విప్పవద్దు, అవి ఉంటే దారాలు పోగులు పోవు. ఆరిన తరువాత మాత్రం వాటిని విప్పే శ్రమ పెట్టుకోకుండా కత్తిరించి తీసేయండి. విప్పినా మడత గీత పోదు, లోపలి భాగం రంగు కూడా మిగతా షీటుతో కలవదు.

కొలత అప్పుడు తీసుకోవాలి, ప్యాకెట్ మీద ఉన్నదాన్ని నమ్మకూడదు. ఉదాహరణకు 90 × 102 అంగుళాల క్వీన్ సైజు షీటు 5 శాతం ముడుచుకుంటే దాదాపు 85 × 97 అవుతుంది. తలవైపు వెడల్పాటి మడత, కాళ్లవైపు సన్న మడత పోతే పొడవు 92కు దిగుతుంది. కుట్టేటప్పుడు గుడ్డ జరుగుతుంది కాబట్టి నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు మిగులు వదిలితే, మీ క్విల్ట్ 77 × 84 అంగుళాలకు మించకూడదు. అంత చేసినా లాభమే, ఎందుకంటే క్విల్టింగ్ గుడ్డ వెడల్పు సాధారణంగా 42 నుంచి 44 అంగుళాలే ఉంటుంది, దానితో అయితే అడుగున కనీసం ఒక పొడవాటి అతుకు తప్పదు.

బెడ్‌షీట్లు క్విల్టుకు పనికిరావని చెప్పేవారు మీకు ఎదురయ్యే ఉంటారు. వారి మాట పెర్కేల్ వంటి దట్టమైన నేతకు సరిపోతుంది. దానిలో చేతి సూది దిగదు, మిషను కుట్లు తప్పుతుంది. ఫ్లానెల్‌లో సూది సులువుగా దిగుతుంది. అయితే బరువు చూసుకోవాలి: చదరపు మీటరుకు 170 గ్రాముల రకం వేస్తే పైన చెప్పిన క్విల్టులో అడుగు గుడ్డ ఒక్కటే 700 గ్రాములకు పైగా తూగుతుంది. మధ్యలో పలుచని నూలు బ్యాటింగ్ (మధ్య పొరగా వేసే దూది పరుపు) చాలు. మందపాటిది వేస్తే ఉతకడమే ఒక వ్యాయామం అవుతుంది.

ఇక ఫ్లానెల్ సాగుతుంది, ముఖ్యంగా అడ్డంగా. నేల మీద పరిచి టేపు అంటించేటప్పుడు ముడతలు పోయేంత వరకే సర్దండి, డోలు చర్మంలా బిగించవద్దు. బిగిస్తే టేపు తీయగానే అది వెనక్కి లాక్కుని అడుగున మడతలు పడతాయి. నేను బెత్తెడు దూరానికి ఒక పిన్నీసు చొప్పున పెడతాను. మిషనులో 90/14 సైజు సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు, వాకింగ్ ఫుట్ (పై గుడ్డనూ అడుగు గుడ్డనూ సమానంగా జరిపే పాదం) ఉంటే పని సాఫీగా సాగుతుంది. నూగు విపరీతంగా రాలుతుంది కాబట్టి బాబిన్ మార్చిన ప్రతిసారీ ఆ గూటిని బ్రష్‌తో శుభ్రం చేయండి. ఫ్లానెల్ మిషను బల్లను పట్టుకుని జరగనని మొరాయిస్తుంది కనుక, క్విల్ట్ బరువు కిందికి వేలాడకుండా పక్కన ఒక కుర్చీ వేసుకోండి.

అడుగున కుట్లు నూగులో మునిగిపోతాయి. నా వంకర కుట్లకు అది గొప్ప వరం. సన్నని అలంకార కుట్లు వెనుక వైపు కూడా కనిపించాలని కోరుకునేవారికి మాత్రం నిరాశే.

పాత షీటు వాడదలిస్తే వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్య భాగం జల్లెడలా కనిపిస్తే పక్కన పెట్టేయండి. పాలిస్టర్ కలిసిన రకం త్వరగా ఉండలు కడుతుంది, నూరు శాతం నూలే తీసుకోండి. పైభాగం తెల్లగా ఉంటే ముదురు రంగు షీటు వద్దు, రంగు దిగే ప్రమాదం ఒకటి, పలుచని బ్యాటింగ్ గుండా దాని నీడ కనిపించడం మరొకటి. కుట్టు పనిని లాంగ్ ఆర్మ్ మిషను (పెద్ద క్విల్టులను చట్రానికి బిగించి కుట్టే మిషను) ఉన్నవారికి అప్పగించేటట్లయితే, వారు బెడ్‌షీట్ అడుగును అంగీకరిస్తారో లేదో, ఎన్ని అంగుళాల మిగులు కావాలో షీటును కత్తిరించక ముందే అడగండి.