సందేహాలు – సమాధానాలు: అంగారకుడి మీద భూసార పరీక్ష అనవచ్చా?

సందేహం: మాస్టారికి నమస్కారాలు. నేను టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. సైన్స్ ఫెయిర్ కోసం మా ఎనిమిదో తరగతి పిల్లలు చార్టు తయారుచేసి, పైన పెద్దక్షరాలతో 'అంగారకుడి మీద భూసార పరీక్ష' అని రాశారు. కింద క్యూరియాసిటీ రోవర్ బొమ్మ వేశారు. మా తెలుగు మాస్టారు చూసి, "అంగారకుడి మీదకి భూమి ఎక్కణ్ణుంచి వచ్చిందర్రా? కుజసార పరీక్ష అని మార్చండి" అన్నారు. అక్కడున్నది మట్టి అనాలా, ధూళి అనాలా అని పిల్లలకు ఇంకో అనుమానం. ఆ మట్టిలో ఉప్పు ఉందని రాస్తే తప్పా అని మరొకటి. ఏం రాయించమంటారు?
– ఒక టీచరు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ తెలుగు మాస్టారికి ఆ మాట దగ్గర ఏదో తేడాగా అనిపించడం సబబే. తేడా ఉంది. అయితే అది 'భూ'లో లేదు, 'సారం'లో ఉంది.

ముందు 'భూ' సంగతి చూద్దాం. ఆ మాటకి మనం ఉంటున్న గ్రహం అనే అర్థం ఎంత ఉందో, కాలి కింద నేల అనే అర్థమూ అంతే ఉంది. ఫలానా ఆయనకి రెండెకరాల భూమి ఉందంటే గ్రహంలో వాటా ఉందని ఎవరూ అనుకోరు. విమానాశ్రయం వస్తోందని భోగాపురం చుట్టుపక్కల భూమి ఆకాశాన్నంటింది అంటే రేటు గురించే తప్ప ఖగోళశాస్త్రం గురించి కాదని పిల్లలకీ తెలుసు. భూసారం, భూగర్భశాస్త్రం, భూరసాయనశాస్త్రం లాంటి మాటల్లో ఉన్నది ఈ నేల అనే అర్థమే. అది ఏ గ్రహం నేల అని ఆ మాటలు అడగవు.

మాటని విడగొట్టి, ముక్కముక్కకీ లెక్క చెప్పమంటే చిక్కుల్లో పడతాం. ఖనిజం అంటే ఖనిలో, అంటే గనిలో పుట్టింది. అంగారకుడి మీద గనులు లేవు కదా, మరి అక్కడ ఖనిజాలు ఉన్నాయని రాయకూడదా? అక్కడిదాకా ఎందుకు, మన వంటింట్లో నూనె ఉంది. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. ఆ లెక్కన కొబ్బరి నూనె అనడానికే వీల్లేదు, నువ్వుల నూనె అంటే నువ్వుల్ని రెండుసార్లు అన్నట్టు. అయినా విజయనగరం మార్కెట్లో ఏ కొట్టుకు వెళ్ళి కొబ్బరి నూనె అడిగినా ఎవరూ వ్యాకరణం తీయరు. సంస్కృతంలో తైలం కూడా ఇలాంటిదే. అదీ తిలల నుంచి, అంటే నువ్వుల నుంచి వచ్చిందే. పుట్టినప్పుడు మాటకి ఉన్న అర్థం ఒకటి, వాడుకలో స్థిరపడిన అర్థం ఒకటి. పాతకాలపు పండితులు మొదటిదాన్ని యోగం అన్నారు, రెండోదాన్ని రూఢి అన్నారు. రెండూ పోట్లాడుకుంటే గెలిచేది రూఢే. ఈ గొడవ మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పండితులతో ఏళ్ళ తరబడి వాదించింది ఇంచుమించు దీని గురించే.

ఇక 'కుజసార' అనే సవరణ. కుజ, సార రెండూ సంస్కృతమే కాబట్టి సమాసానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ వినడానికి ఆయుర్వేదం షాపులో అమ్మే లేహ్యం పేరులా ఉంది. పైగా మాస్టారు ఏ భూమినైతే తప్పించాలనుకున్నారో ఆ భూమి కుజుడిలోనే కూర్చుని ఉంది. కు అంటే భూమి, జ అంటే పుట్టినవాడు. అమరకోశం అంగారకుడికి చెప్పిన అయిదు పేర్లలో కుజుడు, భౌముడు, మహీసుతుడు అనే మూడూ భూమి కొడుకు అని చెప్పేవే. మిగిలినవాటిలో అంగారకుడు అంటే నిప్పుకణికలాంటివాడు, లోహితాంగుడు అంటే ఎర్రని ఒళ్ళున్నవాడు. భూ వద్దనుకుంటే ఈ రెండిట్లో ఒకటి పట్టుకోవాలి తప్ప కుజుడి దగ్గరికి పోకూడదు!

'భూ'ని ఎక్కడ వాడినా ఫరవాలేదని నేను అనడం లేదు. సమాసంలో ఒదిగి ఉన్నప్పుడు అది నేల. విడిగా నిలబడితే, ముఖ్యంగా గ్రహాల ప్రస్తావనలో, అది మన గ్రహం పేరైపోతుంది. 'రోవర్ భూమిని తవ్వింది' అని రాస్తే చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. అక్కడ 'నేలని తవ్వింది' అనాలి. నేల అచ్చతెలుగు మాట, చంద్రుడికీ అంగారకుడికీ చక్కగా సరిపోతుంది. భూకంపం మటుకు సమాసమే అయినా ఇక్కడిదిగానే బిగుసుకుపోయింది. అందుకే 2018లో అంగారకుడి మీద దిగిన నౌక ఇన్‌సైట్ అక్కడి ప్రకంపనల్ని పట్టుకున్నప్పుడు 'కుజకంపం' అనే మాట కావలసి వచ్చింది. కుజసారం అతకలేదు గానీ కుజకంపం అతికింది. ఎందుకంటే చెవి ఒప్పుకుంది, అంతే. భాషలో ఇలాంటివి ఉంటాయి.

అసలు చిక్కు సారంతో అన్నాను కదా. భూసార పరీక్ష అంటే మన రైతుకి తెలిసిన పని ఒకటే. పొలంలో అక్కడక్కడ 'వి' ఆకారంలో జానెడు లోపే గుంట తీసి, అంచు నుంచి మట్టి చెక్కి, అంతా ఒక గోనె మీద పోసి కలుపుతారు. దాన్ని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేస్తారు. అరకిలో మిగిలేదాకా అలా చేసి, సంచిలో వేసి ల్యాబుకి పంపుతారు. అక్కడ పీహెచ్ (మట్టిలో ఆమ్లగుణం, క్షారగుణం ఎంతో చెప్పే అంకె; దీన్ని పుస్తకాల్లో ఉదజని సూచిక అంటారు గానీ రైతులూ వ్యవసాయ అధికారులూ పీహెచ్ అనే అంటారు, మనమూ అలాగే అందాం), లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటివి చూస్తారు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో ఇలాంటివి 12 ఉంటాయి. ఇదంతా దేనికి? వేసే పంటకి ఆ నేలలో బలం ఉందా, లేకపోతే ఏ ఎరువు ఎంత వేయాలి అని తెలుసుకోవడానికి. సారం అంటే ఆ బలమే.

క్యూరియాసిటీ పని ఇది కాదు. 2012 ఆగస్టులో గేల్ అనే పెద్ద గుంటలో దిగిన ఆ బండి, రాళ్ళనీ మట్టినీ పట్టుకుని ఇక్కడ ఒకప్పుడు నీళ్ళు ఉండేవా, ఉంటే ఎలాంటి నీళ్ళు అని ఆరా తీస్తోంది. ఏడు మీటర్ల దూరం నుంచి కూడా రాయి మీదకి లేజర్ కొడుతుంది. తగిలినచోట రవ్వంత రాయి ఆవిరై మెరుస్తుంది. ఆ మెరుపులోని రంగుల్ని విడదీసి చూస్తే ఏయే మూలకాలు ఉన్నాయో తెలుస్తుంది. 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర తిరిగిన మన ప్రజ్ఞాన్ గంధకాన్ని పట్టుకున్నదీ ఈ పద్ధతిలోనే. క్యూరియాసిటీ రాతిని తొలిచి పొడి కూడా తీస్తుంది. 2013 ఫిబ్రవరిలో మొదటిసారి తొలిచినప్పుడు పడిన కన్నం లోతు 6.4 సెంటీమీటర్లు, వెడల్పు 1.6 సెంటీమీటర్లు. పైన అంతా తుప్పు రంగు. లోపల్నుంచి వచ్చిన పొడి మాత్రం బూడిద రంగు! ఎరుపు పైపూతేనన్నమాట. ఆ పొడిని ఎక్స్‌రేలతో పరీక్షిస్తే అందులో అయిదో వంతుకి తగ్గకుండా బంకమట్టి ఖనిజాలు బయటపడ్డాయి. నీళ్ళలో నానితే తప్ప అవి ఏర్పడవు.

పిల్లలు మూలకానికీ ఖనిజానికీ తేడా గమనించి రాయాలి. లేజర్ చెప్పేది మూలకాల సంగతి, అంటే ఇనుము, గంధకం, మాంగనీస్ లాంటివాటి సంగతి. అవి ఒకదానితో ఒకటి ఎలా అల్లుకుని ఉన్నాయో చెప్పేది ఎక్స్‌రే పరీక్ష. ఆ అల్లిక పేరే ఖనిజం. 'ఇనుము అనే ఖనిజం' అని చార్టుల్లో తరచు చూస్తుంటాను, అలా రాయకూడదు. మాంగనీస్‌కి సంస్కృతంలో కొత్త పేరు వెతకక్కర్లేదు. గరివిడి, చీపురుపల్లి వైపు ఆ నల్లరాయిని తవ్వేవాళ్ళు మాంగనీస్ అనే అంటారు. మన కోడూరు పేరు మీద కోడురైట్ అని ఒక రాతికి పేరు పెట్టింది కూడా ఆ గనుల పుణ్యమే. అంగారకుడి రాళ్ళలోనూ కొన్నిచోట్ల మాంగనీస్ ఆక్సైడ్లు బాగా కనిపించాయి. ఈ ముక్క చార్టులో పెడితే విజయనగరం నుంచి వచ్చే పిల్లలు ఆగి చదువుతారు.

అయితే మీ పిల్లల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అంగారకుడి మీద నిజంగా మన ల్యాబులో చేసినట్టే మట్టి పరీక్ష చేసిన నౌక ఒకటుంది. దాని పేరు ఫీనిక్స్. 2008 మే నెలలో అక్కడి ఉత్తర ధ్రువానికి దగ్గర్లో దిగింది. చేత్తో మట్టి ఎత్తి, చిన్న పాత్రలో సుమారు ఒక ఘన సెంటీమీటరు వేసి, ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళిన 25 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, పీహెచ్ చూసింది, నీళ్ళలోకి ఏయే లవణాలు దిగాయో చూసింది. పీహెచ్ 7.7 వచ్చింది. మన పొలాల్లో మామూలుగా కనబడే అంకే. అది చూసి ఆ బృందంలో ఒక శాస్త్రవేత్త ఇందులో ఆస్పరాగస్ లాంటి కూర పండొచ్చు అన్నాడు కూడా. అంటే సారం గురించి మాట్లాడినట్టే కదా! తర్వాత కొన్ని వారాలకి ఆ మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణం ఉందని, బరువులో సుమారు అర శాతం దాకా ఉందని ప్రకటించారు. కూర సంగతి అలా వెనక్కిపోయింది.

ఉప్పు ప్రశ్నకి జవాబూ ఇక్కడే ఉంది. విడిగా 'ఉప్పు ఉంది' అంటే మన మనసుకి తట్టేది నౌపడ ఉప్పే, కూరలో వేసేది. అంగారకుడి మట్టిలోని పెర్‌క్లోరేట్‌ని తింటే థైరాయిడ్‌కి అందాల్సిన అయోడిన్‌ని అడ్డుకుంటుంది. కాబట్టి 'లవణాలు' అని బహువచనంలో రాసి, పక్కన పేరు చెప్పడం మేలు. అలాగని ఉప్పు అనడం భాషాపరంగా తప్పు కాదు. మనవాళ్ళు ఉప్పు అనే మాటని ఎప్పుడూ కూరకే పరిమితం చేయలేదు. విరేచనాలకి వేసే మెగ్నీషియం సల్ఫేట్‌ని భేది ఉప్పు అన్నారు. మందుగుండులో కలిపే సురేకారాన్ని పెట్లుప్పు అన్నారు. పెట్లు అంటే పేలుళ్ళు. మెగ్నీషియం సల్ఫేట్ అంగారకుడి మీదా ఉంది, అక్కడ కూడా భేది ఉప్పు అనొచ్చు. పెర్‌క్లోరేట్లు కూడా పెట్లుప్పు జాతివే. బాణసంచాలోనూ వాడతారు, రాకెట్ల ఘన ఇంధనంలోనూ వాడతారు. 2013 నవంబరులో మంగళయాన్‌ని పైకి తీసుకెళ్ళిన పీఎస్ఎల్‌వీ మొదటి దశలో మండింది అమ్మోనియం పెర్‌క్లోరేట్ కలిసిన ఇంధనమే. ఇది మీ చార్టులో ఒక మూల పెట్టించండి.

మట్టా, ధూళా అంటే, రెండూ ఉన్నాయి. గాలికి లేచేది ధూళి. 2018లో గ్రహమంతా కమ్మేసి ఆపర్చ్యూనిటీ రోవర్‌కి ఎండ అందకుండా చేసి, దాని పని ముగించింది అదే. నేల మీద పరుచుకుని, చేత్తో ఎత్తి పరీక్షించేది మట్టి. కుళ్ళిన ఆకులూ వానపాములూ ఉంటేనే మట్టి అనాలని కొందరు శాస్త్రవేత్తలు పట్టుబడతారు. తెలుగులో ఆ పట్టింపు లేదు. కుండ చేసేదీ మట్టే, గోడకి మెత్తేదీ మట్టే, ప్రాణమున్నా లేకపోయినా మట్టే. మన్ను అన్నా తప్పు లేదు. మిన్నూ మన్నూ అని జంటగా పలికే అలవాటు మనకి ఉండనే ఉంది, ఇక్కడ మిన్నులోనే మన్ను దొరికింది. ఆ ఎరుపుకి కారణం మాత్రం మన మెట్ట భూముల ఎరుపుకి ఉన్నదే, ఇనుము ఆక్సైడ్లు. 1976 జులైలో వైకింగ్ నౌక దిగి మొదటిసారి పరీక్షించినప్పుడే అక్కడి మట్టిలో ఇనుము బాగా ఎక్కువని తేలింది.

ఇక చార్టు సంగతి. క్యూరియాసిటీ బొమ్మనే ఉంచితే శీర్షిక మార్చండి. 'అంగారకుడి మట్టిలో ఏముంది?' అంటే చాలు. కొంచెం గంభీరంగా ఉండాలంటే 'అంగారకుడి మట్టి, రాళ్ళ రసాయన విశ్లేషణ' అనండి. పిల్లలకి భూసార పరీక్ష అన్న మాట మీదే మనసుంటే దాన్నే ఉంచి, బొమ్మ మార్చి ఫీనిక్స్‌ది వేయించండి. మీ తెలుగు మాస్టారికి ఈ జవాబు చూపిస్తే ఆయన కూడా కాదనరనే నా నమ్మకం. ఒక్కటి గుర్తుపెట్టుకోమనండి. ఫీనిక్స్ రోవర్ కాదు, ల్యాండర్. మూడు కాళ్ళ మీద నిలబడి ఉన్నచోటే పని చేసింది. బొమ్మకి చక్రాలు వేయకూడదు.