తాళంచెవి చప్పుడు

అమ్మా,

నీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ పది ఎపిసోడ్లూ చదివాను. కథ నడపడం నీకు వచ్చు. కానీ ప్రతి మలుపు దగ్గరా ‘టెన్షన్ మ్యూజిక్’ అని రాసి వదిలేశావు. అక్కడే నాకు మనసొప్పలేదు.

బ్రిటన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. బాణీ రాన్ గ్రైనర్‌ది. దాన్ని మన చెవిదాకా తెచ్చింది డీలియా డెర్బీషైర్. మీటిన తీగ శబ్దం, ఆసిలేటర్లనే ఎలక్ట్రానిక్ పరికరాల కూత, ఒట్టి హోరు, వీటిని టేపు మీదికెక్కించి, వేగం మార్చి, ఒక్కో స్వరాన్నీ ముక్కగా కోసి అతికించింది. మరి కథానాయకుడు డాక్టర్ తిరిగే నౌక కదిలే చప్పుడు? బ్రయాన్ హాడ్జ్‌సన్ పాత పియానో తీగ మీద వాళ్లమ్మ ఇంటి తాళంచెవితో గీకాడు. ఇంటి తాళంచెవి! అందుకేనేమో, అది వింటే ఎవరో ఊరు విడిచి వెళ్తున్నంత బెంగ నాకు. డాక్టర్‌గా వేసే నటులు మారారు, రచయితలు మారారు, 1989లో ఆగిపోయి 2005లో మళ్లీ వచ్చింది, సంగీతకారుడు మర్రే గోల్డ్ ఆర్కెస్ట్రా నిండుదనం తెచ్చాడు. ఆ బాణీ, ఆ గీకుడు మాత్రం నిలిచాయి. ఏ ఏడాది ఎపిసోడ్ పెట్టినా చెవి గుర్తుపట్టేస్తుంది.

ఇక్కడ చెన్నై వడపళనిలో ఓ డబ్బింగ్ థియేటర్లో అంతరిక్ష సీరియల్‌కి తెలుగు మాటలు రాసేవాణ్ణి. కొడుకు పోయాడని తెలిసి ఒక తల్లి అటు తిరిగి నిలబడుతుంది. పెదవులు కనబడవు కదా అని నేనో డైలాగ్ ఇరికించాను. సౌండ్ ఇంజనీరు ఏమీ అనలేదు. మాటల ట్రాక్ ఆపేసి ఆ ముక్క మళ్లీ వేశాడు. నౌకలో గాలి యంత్రం సన్నటి రొద, దానికింద చెల్లో వాద్యం ఒకే శ్రుతి. ఆమె భుజం కొంచెం కదిలింది. మైకు ముందున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నా డైలాగ్ కొట్టేశాను.

నువ్వు బాణీలు కట్టక్కర్లేదు. నీ నౌకలో అర్ధరాత్రి ఏం వినబడుతుందో నీకు తెలిస్తే చాలు. మొదటి ఎపిసోడ్‌లో వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే తల్లికి కూతురి ఫోన్ వినబడదు. ఎంత బాగా రాశావు! ఆ మిక్సీ మళ్లీ రాలేదేం? ఏడో ఎపిసోడ్‌లో ఇంజను చెడిపోయే ముందు అదే రొద కూతురికి వినిపించు. ఎందుకో తెలియకముందే చూసేవాళ్లకి గుండె జారుతుంది.

అదొక్కటీ తిరగరాసి పట్టుకురా. ఆదివారం మధ్యాహ్నం ఫ్యాన్ కూడా ఆపేసి, ఇద్దరం పైకి చదువుకుందాం.