సర్టిఫికెట్ ఎవరి ఖాతా మీద ఉందో అడుగు

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

ఇంట్యూన్ ఇంజినీరుగా ఉద్యోగం వచ్చిందని, సోంపేట ఇంటి నుంచే పని చేస్తావని అక్క ఫోన్ చేసింది. ఇక్కడ విజయనగరంలో మా వీధంతా చెప్పుకొచ్చాను. "ఫోన్లు బాగుచేసే పనా?" అన్నాడు పక్కింటాయన. "కాదండీ, ఎక్కడెక్కడో ఉన్న వేల ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ కూర్చున్న చోటి నుంచే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇంట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళాలు వేసే పని" అన్నాను. ఇంటికొచ్చాక నాకే టెన్షన్ పట్టుకుంది. తప్పు బటన్ నొక్కినా వేలమందికీ తగులుతుంది కదా.

వైప్ నొక్కితే ఫోన్ మొత్తం ఖాళీ, రిటైర్ బటన్ నొక్కితే కంపెనీ డేటా మాత్రమే పోతుంది. ఉద్యోగి సొంత ఫోన్‌ విషయంలో వైప్ జోలికి పోకు. కొత్త పాలసీ, అంటే ఫోన్లకి పెట్టే నియమం, ఏదైనా ముందు పదిమందికి, తర్వాతే అందరికీ. 2024 జులై 19న ఒక్క భద్రతా అప్‌డేట్ తేడా కొట్టి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడుకున్న సంగతి నీకు తెలుసు.

అసలు చెప్పాలనుకున్నది ఆపిల్ పుష్ సర్టిఫికెట్ గురించి. అది లేకపోతే ఐఫోన్లు, ఐప్యాడ్లు మన మాట వినవు. దాని గడువు ఏడాది. ఏ ఆపిల్ ఖాతాతో తీసుకున్నారో అదే ఖాతాతో రెన్యూ చెయ్యాలి. విశాఖలో నేను చేసిన కంపెనీలో ఓ కుర్రాడు సొంత ఖాతాతో తీసేశాడు. తర్వాత ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ వాడికే పోయాయి. తీరా ముంచుకొచ్చాక, వదిలి వెళ్లినవాణ్ణి బతిమాలడం మా మేనేజరుకి నామోషీ అయింది. "కొత్తది తీసెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. వేరే ఖాతాతో కొత్తది ఎక్కించారు. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు పోయింది, అందరూ టీకి వెళ్లారు. సాయంత్రానికి ఒక్క ఐప్యాడూ చెక్-ఇన్ కాలేదు, అంటే మన సర్వర్‌ని పలకరించలేదు. పాత సర్టిఫికెట్‌తో చేరినవాటికి కొత్తదానితో సంబంధమే లేదు మరి. ఇక ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని, రీసెట్ చేసి మళ్లీ ఎన్‌రోల్ చెయ్యాల్సిందే.

మన వైపు మెడికల్ రిప్రజెంటేటివ్‌ల ఐప్యాడ్లు నా వాటాకి వచ్చాయి. పాలకొండ, పార్వతీపురం, ఇచ్ఛాపురం అన్నీ బస్సుల్లోనే తిరిగాను. శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌లో బెంచీ మీద కూర్చుని ఒకాయన్ని ఐప్యాడ్ ఇమ్మని అడిగితే, నిన్నటి ఆర్డర్లన్నీ మందుల కాగితం వెనక ఒక్కొక్కటే రాసుకున్నాక గానీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆయన్నేమనగలం? అసలు పని చెడగొట్టినవాళ్లు ఏసీ గదిలో ఉన్నారు.

అందుకే చేరిన వారంలోనే అడుగు, సర్టిఫికెట్ ఎవరి ఖాతా మీద ఉంది, గడువు ఎప్పుడు అని. మనిషి పేరు మీద కాదు, టీమ్ మెయిల్ మీద ఉండాలి. కొత్తపిల్ల ఇన్ని ప్రశ్నలేంటని మూతి తిప్పితే తిప్పనీ. కండక్టర్ని చిల్లర అడగలేక వదిలేసి దిగిపోయేదానివి నువ్వు. ఆ మొహమాటం ఈ పనిలో పనికిరాదమ్మా.

ఇంకో భయం తుఫాను. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మీ వైపు కరెంటు లేక ఎన్ని అవస్థలు పడ్డారో మర్చిపోయావా? అడ్మిన్ హక్కులు నీ ఒక్కదానికే ఉంటే అలాంటి రోజున కంపెనీలో పని ఆగిపోతుంది. రెండో మనిషి ఉండాలని, అత్యవసర ఖాతా ఒకటి విడిగా ఉంచాలని పట్టుబట్టు. ఇన్వర్టర్ బ్యాటరీ నేను పంపిస్తాను. బావకి ముందే చెప్పకు, వద్దంటాడు.

దసరా తర్వాత మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి సెలవు ఇప్పుడే పెట్టెయ్. ముందురోజు మాత్రం కొత్త పాలసీ ఏదీ వదలకు. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి లాప్‌టాప్ తెరిచావో, లాక్కుని మీ అత్తకి ఇచ్చేస్తాను.

ఇట్లు,
మావయ్య